కొట్లాట అయ్యాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కూడా తీయండి

కుటుంబ కథలతో యాక్షన్ సినిమాలు తీస్తున్న తెలుగు దర్శకులకు, వాటిని రాస్తున్న రచయితలకు, డబ్బు పెడుతున్న నిర్మాతలకు, ఫైట్ మాస్టర్లకు నమస్కారం.

నేను ఒంగోల్లో లాయర్ని. నా దగ్గరికొచ్చే క్రిమినల్ కేసుల్లో ఎక్కువ భాగం ఇంటి గొడవలే. అన్నదమ్ములు, పాలివాళ్ళు, బావా బావమరుదులు, పొలం గట్టు కోసమో బోరు నీళ్ళ కోసమో పెళ్ళిలో ఎవరో తూలిన ఒక్క మాట కోసమో తలలు పగలగొట్టుకుని, ఆ తర్వాత ఏళ్ళ తరబడి వాయిదాలకి తిరిగేవాళ్ళు. మీరు రెండున్నర గంటల్లో చెప్పే కథని నేను ఫైళ్ళలో చదువుతుంటాను కాబట్టి ఈ ఉత్తరం రాసే హక్కు కొంత ఉందనుకుంటున్నాను. మీ సినిమాలు వదలకుండా చూసే మనిషిగా ఇంకాస్త ఎక్కువే ఉందనుకుంటున్నాను.

ఫైట్లు తగ్గించమనో, రక్తం తగ్గించమనో అడగడానికి రాయట్లేదని ముందే చెప్పేస్తున్నా. హీరో పంచె ఎగ్గట్టి గేటు తోసుకుని బయటికొస్తే మా దగ్గర హాలు హాలంతా లేస్తుంది, నేనూ లేస్తాను. తమ్ముడి మీద చెయ్యి పడితే అన్న కళ్ళు ఎర్రబడటం మనందరికీ మన ఇళ్ళల్లో తెలిసిందే, అందుకే ఆ సీను అంత పండుతుంది. నా బాధంతా దాని తర్వాత రావాల్సిన సీను గురించి. అది ఎప్పుడూ రాదు. విలన్ పడిపోతాడు, అంబులెన్సూ పోలీసు జీపూ చివర్లో వస్తాయి, ఇంటిల్లిపాదీ ఒక చోట నిలబడి నవ్వుతారు, శుభం కార్డు. కుటుంబం కోసమే అన్ని తలలు పగిలాయని మీరే చెప్పారు, మరి ఆ తలలు పగిలాక కుటుంబం ఏమైందో చెప్పరేం?

ఈ మాట పరాయివాళ్ళని అడిగినట్టు అడగట్లేదు. తెలుగు యాక్షన్ సినిమాకి మా ప్రకాశం జిల్లా ఇచ్చినంత మందిని ఏ జిల్లా ఇచ్చిందో లెక్క చూసుకోండి. దర్శకుడు టి.కృష్ణ గారు టంగుటూరు ప్రాంతం మనిషి, ఆయన కొడుకు గోపీచంద్ గారు ఇప్పటికీ అన్నదమ్ముల కథల్లో హీరో. ఫ్యాక్షన్ సినిమాకి ఒక ఊపు తెచ్చిన బి.గోపాల్ గారు మా జిల్లా వారే. ఒంగోలునే కథలో పెట్టి 2021లో ‘క్రాక్’ తీసిన మలినేని గోపీచంద్ గారిదీ ఇక్కడి ఊరే. ఫైట్ మాస్టర్లు రామ్ లక్ష్మణ్ కారంచేడు నుంచి వెళ్ళినవాళ్ళు. కారంచేడు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళిపోయింది గానీ మేమింకా మా వాళ్ళనే అనుకుంటాం. అందుకని ఈ ఉత్తరం సగం ఇంటివాళ్ళకి రాసుకున్నదే.

టి.కృష్ణ గారి దగ్గరే మొదలుపెడతాను. 1985 నాటి ‘ప్రతిఘటన’ని అందరూ చివర్లో విజయశాంతి గారు ఎత్తిన గొడ్డలితో గుర్తుపెట్టుకుంటారు. మళ్ళీ ఒకసారి పెట్టుకుని చూడండి. ఆ గొడ్డలి దాకా రావడానికి ముందు ఆ లెక్చరర్ ఎన్ని గుమ్మాలు దాటి వచ్చిందో చూడండి. సాక్ష్యం చెప్పినందుకు నడిబజార్లో అవమానం. కట్టుకున్నవాడే కేసు వెనక్కి తీసుకోమనడం. పాఠం చెప్పాల్సిన క్లాసులోనే పిల్లల వెకిలి నవ్వులు. దెబ్బ పడ్డ తర్వాత ఇల్లు ఎలా మారిపోతుందో ఆయన ఓపిగ్గా చూపించాడు కాబట్టే చివర్లో ఒక్క వేటుకి జనం లేచి నిలబడ్డారు. 1986లో చిన్న వయసులోనే ఆయన పోయారు. ఆ దారి ఆయనతోనే ఆగిపోయిందా అని నాకు బెంగ.

ఇంకో సినిమా. 2001లో బి.గోపాల్ గారి ‘నరసింహనాయుడు’. ఊరిని కాపాడటానికి ఇంటికో మగపిల్లవాణ్ణి ఇవ్వాలన్న కట్టు మీద నడిచిన కథ అది. ఎంత గొప్ప ఆలోచన! దాన్ని నేను టీవీలో ఎప్పుడు చూసినా, ఫైట్ల కంటే ముందు ఆ పిల్లల తల్లులు గుర్తొస్తారు. పెంచిన కొడుకుని ఊరికి అప్పగించేసి సాయంత్రం పొయ్యి ఎలా వెలిగించారు, కంచాలు పెడుతూ చెయ్యి అలవాటుగా ఇంకో కంచానికి వెళ్ళిందా, మొగుడితో ఎన్నాళ్ళు మాట్లాడలేదు? ఆ ఆడవాళ్ళ మీద ఇంకొక పూర్తి సినిమా ఉంది. ఇరవై ఏళ్ళు దాటినా ఎవరూ తీయలేదు.

ఇప్పుడు నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను, గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అసలు సంగతి మాత్రం మార్చలేదు.

పొగాకు ఊరు. తండ్రి పోయాడు, ఇద్దరు కొడుకులు. పొలం పంచుకున్నారు, గొడ్లు పంచుకున్నారు, బ్యారన్ దగ్గర ఆగింది. బ్యారన్ అంటే మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, హైదరాబాదులో ఉన్నవాళ్ళకి చెబుతాను, పచ్చి పొగాకుని కర్రలకి కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీసి వేడి పెట్టి ఎండబెట్టే ఎత్తైన గది. పొగాకు బోర్డు దగ్గర అది ఎవరి పేరున రిజిస్టర్ అయి ఉంటే పంట కోటా వాళ్ళ లెక్కలోకి వస్తుంది, టంగుటూరో కొండపో కందుకూరో వేలం కేంద్రంలో బేళ్ళు అమ్ముకునేదీ ఆ పేరు మీదే. కాగితంలో పెద్దోడి పేరు. కాలుపు మొదలైతే రాత్రీ పగలూ మంట చూసుకుంటూ నిద్ర కాచింది ఏళ్ళ తరబడి చిన్నోడు. గోడలు పంచుకోవచ్చేమో, పేరు ఎలా పంచుకుంటారు? పెద్దమనుషులు కూర్చున్నారు, తేల్చలేకపోయారు. ఒక రాత్రి బ్యారన్ ముందే మాటా మాటా పెరిగింది. చిన్నోడు చేతికందిన కర్రతో అన్న తల మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ.

ఒక్కటంటే ఒక్కటే. ఫైట్ మాస్టర్లూ, దయచేసి ఇక్కడ ఆగండి. మీ సినిమాల్లో హీరో తలకి ఇనుప రాడ్డు తగిలినా తల విదిలించుకుని లేస్తాడు. ఆ పెద్దాయన లేవలేదు. నెత్తురు చూసి, కొట్టినవాడే తన పైపంచె చింపి కట్టు కట్టాడు, ఆటో పిలిచిందీ వాడే. గాయం మానాక కూడా ఆ మనిషి నెలల తరబడి నిచ్చెన ఎక్కలేకపోయాడు, పైకి చూస్తే కళ్ళు తిరిగేవి, బ్యారన్‌లో పై అంతస్తుకి ఆకు అందించాల్సినవాడు కింద కుర్చీలో కూర్చునేవాడు. నలభై మందిని గాల్లోకి ఎగరేసిన ఫైట్ కంటే ఆ ఒక్క దెబ్బ నన్ను ఎక్కువ భయపెట్టింది. దెబ్బకి అంత బరువు ఇవ్వండి, ఇస్తే సినిమాకి ఒకటో రెండో ఫైట్లు చాలు.

ఆస్పత్రి నుంచి స్టేషన్‌కి కబురు వెళ్ళింది, స్టేట్‌మెంట్ తీసుకున్నారు, కేసు కట్టారు. హత్యాయత్నం. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 109వ సెక్షన్ అయింది గానీ ఊళ్ళో ఇప్పటికీ పాత సెక్షన్ నంబరుతో త్రీ నాట్ సెవెన్ అనే అంటారు. పదేళ్ళ దాకా శిక్ష పడొచ్చు, దెబ్బ కూడా తగిలింది కాబట్టి యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. తమ్ముడు జైలుకి, తర్వాత బెయిలు, ఆ తర్వాత వాయిదాలు.

కొన్నాళ్ళకి పెద్దోడి కూతురికి సంబంధాలు చూడటం మొదలైంది. వచ్చినవాళ్ళు మర్యాదగా కాఫీ తాగి, వెళ్ళేటప్పుడు “పిల్ల బాబాయి మీద ఏదో కేసుందంట గదా” అనడం. మూడో సంబంధం అలాగే పోయాక పెద్దోడే తమ్ముడి గుమ్మం ఎక్కాడు. ఏడ్చుకున్నారు, కలిసిపోయారు. మీ సినిమా అక్కడ అయిపోతుంది. అన్నదమ్ములు కౌగిలించుకుంటే వెనకాల నాదస్వరం వేసి టైటిల్స్ వేసేస్తారు. మా కథ అక్కడే మొదలైంది, ఎందుకంటే చిన్న దెబ్బల కేసయితే లోక్ అదాలత్‌లో కూర్చుని రాజీ చేసుకోవచ్చు గానీ, హత్యాయత్నం కేసు కొట్టుకున్న ఇద్దరూ వద్దనుకున్నంత మాత్రాన పోదు. అది ప్రభుత్వం పెట్టిన కేసు. హైకోర్టుకి వెళ్ళి కొట్టేయించుకోవాలి, అదీ అన్నిట్లో కుదరదు. వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, “వాళ్ళిద్దరూ ఒకే కంచంలో తింటున్నారు గదమ్మా, ఇంకా ఈ తిరుగుడేంది” అని అడిగింది. సెక్షన్లు చెప్పాను. ఆవిడకి అర్థమైంది, ఒప్పుకోబుద్ధి కాలేదు అంతే.

వాయిదా రోజు మా కోర్టు వరండాలో ఆ తోడికోడళ్ళిద్దర్నీ చూడాలి మీరు. ఒకావిడ బాధితుడి భార్య, ఒకావిడ ముద్దాయి భార్య. ఒకే ఊరు, ఒకే బస్సు, బస్టాండు నుంచి డబ్బులు కలిసొస్తాయని ఒకే ఆటో. ఒకరి చేతిలో ప్లాస్టిక్ కవరులో గాయాల సర్టిఫికెట్ జిరాక్సు, ఇంకొకరి కవరులో పూచీ ఉన్నవాళ్ళ ఇంటి పన్ను రసీదులు. కోర్టు గేటు దాటగానే దూరం జరిగి వేరే వేరే స్తంభాల దగ్గర నిలబడేవాళ్ళు, కలిసి కనపడితే కేసుకి ఏమవుతుందోనని భయం. అటెండరు మూడుసార్లు పేరు పిలిచేవాడు, వాయిదా పడేది, గేటు బయటికి రాగానే మళ్ళీ ఒకే ఆటో. తెచ్చుకున్న పులిహోర గిన్నె ఒకటే.

చివరికి సాక్ష్యం రోజు వచ్చింది. ఇలాంటి కేసులో మొదటి సాక్షి దెబ్బ తిన్నవాడే. పెద్దోడు బోనెక్కాడు. ఎదురుగా ముద్దాయిగా తమ్ముడు. దేవుడి ఎదుట ప్రమాణం చేశాక, ఆ రాత్రి నిన్ను కొట్టింది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. నిజం చెబితే తోడబుట్టినవాడు జైలుకి పోతాడు, కూతురి పెళ్ళి మళ్ళీ వెనక్కి పోతుంది. చీకట్లో ఎవరో చూడలేదంటే ప్రమాణం చేసి అబద్ధమాడినట్టు. వెనక బెంచీలో తల్లి కూర్చునుంది. చెప్పండి, ఇంతకంటే పెద్ద క్లైమాక్స్ మీరెవరైనా రాశారా? ఆయన ఏం చెప్పాడో నేను ఇక్కడ రాయను, అది ఆ ఇంటివాళ్ళది. మీ కథలో మీ అన్న ఏం చెబుతాడో మీరు తేల్చుకోండి. ఆ ప్రశ్న తెర మీద వేశారంటే హాల్లో ప్రతి ఇంటి వాళ్ళూ బయటికొచ్చి పోట్లాడుకుంటారు, చెప్పాలని కొందరు, చెప్పకూడదని కొందరు.

సుమోల్లో దిగే మనుషుల గురించి కూడా ఒక మాట. హీరో పక్కన పాతిక మంది, విలన్ పక్కన యాభై మంది, వాళ్ళకి పేర్లుండవు. కేసు కాగితాల్లో వాళ్ళందరికీ పేర్లుంటాయి, ముద్దాయి నంబర్లతో సహా, ఏ1 నుంచి ఏ25 దాకా. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే ఉద్దేశంతో గుమిగూడి ఒకడు కొట్టినా, అందరూ కొట్టినట్టే లెక్క. అది పాత చట్టంలో 149వ సెక్షన్, ఇప్పుడు 190. నా దగ్గరికి ఇలా వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు ట్రాక్టర్ నడుపుకునేవాడు. అన్న రమ్మన్నాడని వెళ్ళాడు, కర్ర కూడా పట్టుకోలేదు. కువైట్ వెళ్దామని పాస్‌పోర్టుకి పెట్టుకుంటే వెరిఫికేషన్‌లో కేసు బయటపడింది, కోర్టు అనుమతి తెచ్చుకోవాలన్నారు, అది వచ్చేసరికి పిలిచిన ఉద్యోగం పోయింది. అతనికో భార్య, చంటిపిల్ల. “అన్నా” అని అరుస్తూ హీరో వెనక పరిగెత్తే ఆ మొహాల్లో ఒక్కదాని దగ్గరైనా కెమెరా ఆపండి, వాడి ఇంటికి ఒక్కసారి తీసుకెళ్ళండి.

ఇక చెల్లెలు. మీ సినిమాల్లో చెల్లెలు ఎందుకుంటుంది? పెళ్ళి చేయడానికి, ఎత్తుకుపోవడానికి, చనిపోవడానికి. 2023లో ‘వీర సింహా రెడ్డి’లో చెల్లెలు అన్న మీద పగతో శత్రువుని పెళ్ళి చేసుకుందంటే, అమ్మయ్య, ఈ చెల్లెలికి ఒక కోపం ఉంది, ఒక నిర్ణయం ఉంది అని సంతోషపడ్డాను. అలాంటివి ఎన్ని? మా కోర్టుల్లో కుటుంబ తగాదా అంటే సగం అక్కచెల్లెళ్ళ వాటా గురించే. ‘రక్త సంబంధం’లో చెల్లెలి కోసం తపించిన అన్నగా నటించిన ఎన్టీ రామారావు గారే ముఖ్యమంత్రిగా ఉండగా, 1986లో, మన రాష్ట్రంలో ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ చట్టం వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని తేల్చింది. చట్టం ఇంత దూరం వచ్చేసింది, సినిమాలో చెల్లెలు ఇంకా రాఖీ కట్టే చోటే ఉండిపోయింది.

ఆ ప్రాణమిచ్చే అన్న దగ్గరికే ఆ చెల్లెలు వచ్చి, “అన్నయ్యా, నా వాటా నాకు ఇవ్వు” అని అడిగితే ఏం చేస్తాడు మీ హీరో? పెళ్ళప్పుడు పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాం గదా అంటాడా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకం పెట్టించుకోవడానికి కారు పంపి, కొత్త చీర పెట్టి, భోజనానికి తీసుకెళ్తాడా? నేను చూశాను ఆ చీరలు. సంతకం పెడితేనే పుట్టింటి గుమ్మం ఉంటుంది, పెట్టకపోతే తల్లి పోయినా కబురు రాదేమోనన్న భయంతో వేలిముద్రల మెషీన్ మీద వేలు పెట్టే ఆడవాళ్ళని చూశాను. ఊరంతటికీ న్యాయం చేసే పెద్దమనిషి సొంత చెల్లెలి దగ్గర ఏం చేస్తాడన్నది ఎంత గట్టి కథ! అందులో ఫైట్ కూడా పెట్టుకోవచ్చు, బావమరిది వైపు వాళ్ళు ఊరుకుంటారా?

నిర్మాతలు ఏమంటారో తెలుసు. జనం టికెట్ కొనుక్కుని కోర్టులు చూడటానికి వస్తారా అంటారు. 2014లో వెంకటేష్ గారి ‘దృశ్యం’కి వచ్చారు కదా. దాంట్లో కథ తిరిగేది ఒక్క దెబ్బ చుట్టే, అదీ ఇంటి ఆడపిల్ల చేతి నుంచి పడ్డది, అక్కడి నుంచి సినిమా అంతా ఆ దెబ్బ తర్వాత ఆ ఇల్లు ఎలా ఊపిరి బిగబట్టి బతికిందన్నదే. 2021లో ఆయనదే ‘నారప్ప’లో కొడుకు చేతిలో ఒకడు చచ్చాక ఇంటిల్లిపాదీ చెల్లాచెదురై, తండ్రీ కొడుకూ అడవి పట్టుకుపోతారు. రెంటికీ టెన్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో మీకు నేను చెప్పాలా? ఒకటి మలయాళం నుంచి తెచ్చుకున్నాం, ఒకటి తమిళం నుంచి తెచ్చుకున్నాం. మన ఊళ్ళల్లో లేకనా? 2018లో ‘అరవింద సమేత’లో పగ ఆపడానికే హీరో బయల్దేరితే మా వాళ్ళు ఆదరించారు. జనం సిద్ధంగానే ఉన్నారండీ.

పిల్లల సంగతి కూడా ఉంది. 2024 చివర్లో సెన్సారు వాళ్ళు, పిల్లలు పెద్దల తోడుతో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ని మూడు ముక్కలు చేసి ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని పెట్టారు. పోస్టరు మీద మాత్రం ‘ఫ్యామిలీ ఎంటర్‌టైనర్’ అనే ఉంటుంది, పండక్కి వచ్చిన అమ్మమ్మ దగ్గర్నుంచి మనవడి దాకా అందరూ వెళ్తారు. పిల్లాడు హాల్లో ఈల వేస్తే నాకేం అభ్యంతరం లేదు. కొట్టినవాడికి ఏమీ కాదని, కొట్టించుకున్నవాడికి ఇల్లే లేదని వాడు నమ్ముకుని బయటికి రావడమే నన్ను కలవరపెడుతుంది. మా దగ్గరికి ఏ7గా వచ్చే కుర్రాళ్ళు చాలామంది ఇరవై రెండేళ్ళు కూడా నిండనివాళ్ళు. సినిమా వల్లే కొట్టారని నేను అనను, అది నిజం కాదు. కొట్టాక ఏమవుతుందో వాళ్ళకి ఎవరూ చెప్పలేదన్నది మాత్రం నిజం, ఇంట్లో చెప్పలేదు, బళ్ళో చెప్పలేదు. చెబితే వినేది మీ మాటే.

కాబట్టి నేను అడిగేది ఇది. వచ్చే కథ రాసేటప్పుడు, చివరి ఫైట్ అయ్యాక ఇరవై నిమిషాలు ఉంచుకోండి. లేదంటే ఆ ఫైట్‌ని ఇంటర్వెల్‌కే పెట్టేసి రెండో సగమంతా ఆ ఇంటికి ఇవ్వండి. హీరో అలాగే ఉండనీయండి, పంచె అలాగే ఎగ్గట్టనీయండి. మర్నాడు పొద్దున వాళ్ళమ్మ ఆ చొక్కా ఉతుకుతూ మరక పోక ఎండలో పెట్టి చూసుకుంటుంది గదా, దాన్నీ తీయండి.

రచయితలు ఎవరైనా రాదలిస్తే ఒంగోలు రండి. కోర్టు హాలు ఎవరైనా కూర్చోగలిగిన చోటే, పదిన్నరకల్లా వస్తే వెనక బెంచీల్లో చోటు దొరుకుతుంది, ఫోను సైలెంట్‌లో పెట్టుకుంటే చాలు. సాక్ష్యాలు నడిచే రోజు చూసుకుని వస్తే మంచిది, ఉత్తి వాయిదాల రోజున వస్తే మధ్యాహ్నానికే ఖాళీ అయిపోతుంది. సెక్షన్ల గురించి, బెయిలు ఎలా వస్తుంది, రాజీ ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు అన్నవి కూర్చోబెట్టి చెబుతాను, ఫీజు అక్కర్లేదు. టంగుటూరులో వేలం నడిచే రోజుల్లో వస్తే మధ్యాహ్నం అక్కడికీ తీసుకెళ్తాను. వచ్చేటప్పుడు ఫైట్ మాస్టర్‌ని కూడా వెంటబెట్టుకు రండి.

ఇట్లు
ఒంగోలు నుంచి ఒక లాయరు